నోటి ఆపరేషను ఖర్చు ఎవరి పద్దు?



మన ప్రగతి నగర్ ఇళ్ళలో ఈ రోజున ఆరోగ్య బీమా కొత్త మాట కాదు. హైటెక్ సిటీ కంపెనీలో పని చేసే అబ్బాయికి ఆఫీసువారి గ్రూపు పాలసీ ఉంటుంది. అదే కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ చేసే భాయ్‌కి ఈఎస్ఐ కార్డు ఉంటుంది. ఇంకొకరి ఇంట్లో ఆరోగ్యశ్రీ ఉంటుంది. కార్డులు వేరైనా, దవడకో చిగురుకో ఆపరేషను అవసరమైన రోజున అందరి నోటా వచ్చే ప్రశ్న ఒక్కటే: "ఇది మెడికల్‌లోకి వస్తుందా, డెంటల్‌లోకి వస్తుందా?"

చిత్రమేమిటంటే కాలు విరిగితే ఈ ప్రశ్న ఎవరూ అడగరు. కన్నుకు శుక్లం తీసినా అడగరు. నోరు మాత్రమే మన శరీరంలో భాగమా కాదా అన్నంత అనుమానం ఎందుకు వచ్చింది? ఈ అనుమానం బీమా కంపెనీ కౌంటరు దగ్గర పుట్టింది కాదు. దాని వెనుక చాలా పాత చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిసినవారు బిల్లు కట్టకముందే సరైన ప్రశ్న అడుగుతారు. తెలియనివారు బిల్లు కట్టిన తరువాత అడుగుతారు. ఈ వ్యాసం ఉద్దేశం అంతే.

ఒకే వైద్యుడు, ఒకే గ్రంథం

పూర్వకాలంలో ఈ విభజన లేదు. మన దేశంలో సుశ్రుత సంహిత నోటి జబ్బులను 65గా లెక్కించింది. పెదవులు, చిగుళ్ళు, పళ్ళు, నాలుక, అంగిలి, గొంతు ఇవన్నీ శస్త్రవైద్యుడి పనిలో భాగంగానే చెప్పింది.

స్పెయిన్ దేశంలో కార్డోబా నగరం దగ్గర సుమారు వెయ్యి సంవత్సరాల క్రితం అబుల్ ఖాసిం అల్ జహ్రావీ అనే శస్త్రవైద్యుడు ఉండేవాడు. ఆయన రాసిన "అత్తస్రీఫ్" 30 భాగాల గ్రంథం. అందులో చివరి భాగం శస్త్రచికిత్స గురించి. ఎముకలు కట్టడం, గాయాలు కుట్టడం చెప్పిన ఆ పుస్తకంలోనే పళ్ళ మీది గార గీకే పనిముట్లు, పన్ను పీకే పటకారులు బొమ్మలతో సహా ఉన్నాయి. కదిలే పళ్ళను బంగారు తీగతో కట్టే పద్ధతి కూడా ఉంది. 12వ శతాబ్దంలో అది లాటిన్ భాషలోకి వెళ్ళి, యూరపులో తరతరాల వైద్యులకు పాఠ్యగ్రంథమయింది. ఆయనకు పన్ను వేరు, ప్రాణం వేరు కాదు. రెండూ ఒకే చేతి పని.

విడిపోయిన బడులు

తరువాత యూరపులో పెద్ద చదువుల డాక్టర్లు కత్తి పట్టడం తమ హోదాకు తక్కువ అనుకున్నారు. పన్ను పీకే పని మంగలివారికి, సంతల్లో తిరిగే పళ్ళవాళ్ళకు పోయింది. 1728లో పియర్ ఫోషార్ అనే ఫ్రెంచి వైద్యుడు పళ్ళ వైద్యం మీద పెద్ద గ్రంథం రాసి, ఆ విద్యకు మర్యాద తెచ్చాడు. ఐతే అది మళ్ళీ వైద్యంలో కలవలేదు. 1840లో అమెరికాలోని బాల్టిమోరులో ప్రపంచంలో మొట్టమొదటి దంత వైద్య కళాశాల పెట్టారు. అది మెడికల్ కాలేజీలో ఒక శాఖ కాదు, విడిగా పెట్టిన కాలేజీ. డిగ్రీ వేరు, పరీక్ష వేరు. ఆనాడు వేసిన ఆ గోడే ఈనాడు మన పాలసీ కాగితాల దాకా వచ్చింది.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. ఈ రోజున పెద్ద ఆపరేషన్లన్నీ మత్తుమందు పుణ్యమే. ఆ మత్తును లోకానికి చూపించింది ఒక పళ్ళ డాక్టరు. అమెరికాలోని బోస్టనులో విలియం మోర్టన్ 1846 సెప్టెంబరు 30న ఈథర్ పీల్పించి ఒక రోగికి నొప్పి తెలియకుండా పన్ను తీశాడు. రెండు వారాలు గడిచాక, అక్టోబరు 16న, మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్లో అదే ఈథర్ ఇచ్చి మెడ మీద గడ్డ తీసే ఆపరేషను చేయించాడు. పన్ను దగ్గర మొదలైన మేలు దేహమంతటికీ అందింది.

మత్తుమందు విషయంలో మన హైదరాబాదు పేరు కూడా చరిత్రలో ఉంది. 1888లోను, 1889లోను ఇక్కడ హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లు పని చేశాయి. అఫ్జల్‌గంజ్ దవాఖానాకు సంబంధించిన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపించాడు. రెండవ కమిషనుకు లండను నుంచి నిపుణుణ్ణి రప్పించడానికి నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం 1000 పౌన్లు ఇచ్చింది. వైద్యానికి డబ్బు ఎవరు పెడతారన్న ప్రశ్నకు ఆనాటి జవాబు "సర్కారు ఖజానా" అన్నమాట.

సోడా దుకాణం నడిపి కట్టిన కాలేజీ

మన దేశంలో దంత వైద్య చరిత్ర చెప్పుకుంటే డాక్టర్ రఫీయుద్దీన్ అహమ్మద్ పేరు తలవకుండా ఉండలేము. ఆయన తూర్పు బెంగాలులో 1890 డిసెంబరు 24న పుట్టారు. అలీగఢ్‌లో చదువుకుని, అమెరికా వెళ్ళి, అయోవా విశ్వవిద్యాలయంలో 1915లో దంత వైద్య పట్టా పొందారు. తిరిగి వచ్చి 1920లో కలకత్తాలో దేశంలోనే మొదటి దంత వైద్య కళాశాల స్థాపించారు. దానికి డబ్బెక్కడిది? కలకత్తాలో "న్యూయార్క్ సోడా ఫౌంటెన్" అనే దుకాణం పెట్టి, ఆ రాబడితో కళాశాల నడిపారు. 1964లో ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. ఆ కళాశాలకు ఈనాడు ఆయన పేరే ఉంది.

బెంగాలులో 1939లో వచ్చిన దంత వైద్యుల చట్టం వెనుకా, దేశమంతటికీ 1948లో వచ్చిన దంత వైద్యుల చట్టం వెనుకా ఆయన కృషి ఉంది. ఈ చట్టం మంచికే వచ్చింది. చదువు లేని నకిలీ పళ్ళవాళ్ళ నుంచి ప్రజలను కాపాడింది. ఐతే ఒక సంగతి గమనించాలి. డాక్టర్ల రిజిస్టరు ఒక కౌన్సిలు దగ్గర, దంత వైద్యుల రిజిస్టరు వేరే కౌన్సిలు దగ్గర ఉండిపోయాయి. బడులు విడిపోయినట్టే పట్టీలూ విడిపోయాయి. ఇటీవల కూడా ఆ ఏర్పాటు మారలేదు. వైద్యానికి 2019లో జాతీయ వైద్య కమిషన్ చట్టం చేశారు. దంత వైద్యానికి 2023లో వేరే కమిషన్ చట్టం చేశారు. ఈ సంగతి బీమా దగ్గర ఎలా అడ్డు వస్తుందో ముందు ముందు చూద్దాం.

మన హైదరాబాదులో అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల 1959లో మొదలయింది. నోటి కాన్సరు వంటి పెద్ద జబ్బులకు రెడ్‌హిల్స్‌లోని మెహదీ నవాజ్ జంగ్ కాన్సర్ ఆసుపత్రి 1955 నుంచి ఉంది. ఈ పెద్దమనిషి పూర్వపు హైదరాబాదు రాష్ట్రంలో మంత్రిగా చేసి, 1960లో గుజరాత్ రాష్ట్రానికి మొదటి గవర్నరు అయ్యారు. గుట్కా, జర్దా అలవాటున్న ఇళ్ళవారు ఈ రెండు దవాఖానాల దారి తెలుసుకుని ఉండడం మంచిది. అలవాటు మానడం అంతకంటే మంచిది.

"డెంటల్ ఇన్సూరెన్స్" అనే మాట ఎక్కడిది?

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఫోనులో "ఇక్కడ మెడికల్ ఇన్సూరెన్స్ వేరు, డెంటల్ ఇన్సూరెన్స్ వేరు" అంటుంటారు. అది నిజం. 1954లో అమెరికా పడమటి తీరంలోని ఓడరేవు కార్మికుల సంఘం, యజమానులు కలిసి పెట్టిన సంక్షేమ నిధి నుంచి కార్మికుల పిల్లల పళ్ళకు వైద్యం చేయించే పథకం మొదలుపెట్టారు. ఆ దేశంలో విడి దంత బీమా అలా పెరిగింది. అంటే అది కూడా మన సొసైటీ వంటి ఒక సంక్షేమ సంఘం ఆలోచనే. ఐతే 1965లో వృద్ధుల కోసం ఆ ప్రభుత్వం తెచ్చిన మెడికేర్ చట్టం మామూలు పంటి వైద్యాన్ని బయటే ఉంచింది. బ్రిటనులో 1948 జూలై 5న మొదలైన జాతీయ ఆరోగ్య సేవలో పళ్ళ వైద్యం ఉచితంగా చేర్చారు. కాని మూడేళ్ళు తిరగకుండానే 1951లో కట్టుడు పళ్ళకు రుసుము పెట్టారు. ధనవంతుల దేశాలు కూడా ఖర్చు తగ్గించుకోవలసి వచ్చినప్పుడు ముందుగా పంటి పద్దు వైపే చూశాయి.

మన దేశం దారి వేరు. మనకు విడి దంత బీమా జనంలోకి పెద్దగా రాలేదు. కాబట్టి మన దగ్గర అసలు ప్రశ్న "మెడికలా, డెంటలా" కాదు. ఉన్న ఒక్క మెడికల్ పాలసీ నోటి ఆపరేషనుకు తలుపు ఎంతవరకు తెరుస్తుంది అన్నదే ప్రశ్న.

మెడిక్లెయిం కాగితంలో రెండు చోట్ల

ప్రభుత్వ రంగ బీమా కంపెనీలు 1986లో మెడిక్లెయిం పాలసీ తెచ్చాయి. ఉద్యోగి కాని మామూలు మనిషి కూడా ఆసుపత్రి ఖర్చుకు బీమా కొనుక్కునే వీలు దానితో విస్తరించింది. తరువాతి సంవత్సరాలలో అమ్ముడైన ఆ పాలసీ ప్రతిని జాగ్రత్తగా చదివితే నోటి ఆపరేషను రెండు చోట్ల కనిపిస్తుంది.

మొదటిది, "ఇవి చెల్లించము" అన్న జాబితా. అందులో ఏ రకమైన పంటి వైద్యమైనా, శస్త్రచికిత్స అయినా చెల్లదు, ఆసుపత్రిలో చేరవలసి వస్తే తప్ప, అన్న అర్థంలో ఒక షరతు ఉంది. రెండవది, 24 గంటల నియమం. ఆసుపత్రిలో కనీసం 24 గంటలు ఉంటేనే క్లెయిము. ఐతే కొన్ని చికిత్సలకు ఆ నియమం సడలించారు. డయాలిసిస్, కీమోథెరపీ, కంటి ఆపరేషను, కిడ్నీలో రాళ్ళు తీయడం, టాన్సిల్స్ తీయడం వంటి వాటితో పాటు "డెంటల్ సర్జరీ" కూడా ఆ సడలింపులో ఉంది. ఆసుపత్రిలో గాని నర్సింగ్ హోములో గాని చేయించుకుని, అదే రోజు ఇంటికి వచ్చినా సరే అని దాని భావం.

అంటే పాలసీ నోటి ఆపరేషనును పూర్తిగా తోసివేయలేదు. ఒక చోట తలుపు మూసి, ఇంకొక చోట కిటికీ తెరిచింది. మొదటి జాబితా మాత్రమే చదివి "మనకు రాదు" అనుకున్నవారు క్లెయిము వేయనే లేదు. రెండు చోట్లా చదివినవారు అడిగి తీసుకున్నారు.

నిర్వచనం మారింది, చిక్కు మారలేదు

1999 చట్టం తరువాత బీమా నియంత్రణ సంస్థ వచ్చింది. దాని ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉంది. పాలసీల మాటలు కంపెనీకొక తీరుగా ఉండకూడదని ఆ సంస్థ 2013లో ప్రామాణిక నిర్వచనాలు ఇచ్చింది. అప్పుడు "దంత చికిత్స" అంటే దంత వైద్యుడు చేసే చికిత్స అన్నారు. అంటే చేసే మనిషిని బట్టి పేరు. ఈ లెక్కన దవడ విరిగినప్పుడు దాన్ని కట్టింది దంత శస్త్రవైద్యుడైతే అది కూడా "దంత చికిత్స" అయిపోయే ప్రమాదం ఉంది.

2016లో ఆ నిర్వచనం మార్చారు. దంత చికిత్స అంటే పళ్ళకు గాని, పళ్ళకు ఆధారంగా ఉండే భాగాలకు గాని సంబంధించిన చికిత్స అన్నారు. చేసే మనిషి పోయి, చేసే చోటు వచ్చింది. ఇది మెరుగే. ఐనా "పళ్ళకు ఆధారం" అంటే ఎక్కడి వరకు? చిగురా, పన్ను నిలిచే గుంటా, దవడ ఎముక మొత్తమా? నాలుక మీది పుండుకు, లాలాజల గ్రంథిలోని రాయికి ఈ మాట తగలదు. దవడలోని నీటితిత్తి దగ్గర మాత్రం వాదనకు చోటు మిగిలింది.

ఇంకొక చిక్కు ఉంది. అదే నిర్వచనాలలో "మెడికల్ ప్రాక్టీషనర్" అంటే మెడికల్ కౌన్సిలులో గాని, భారతీయ వైద్యం, హోమియోపతి కౌన్సిళ్ళలో గాని రిజిస్టరైన వ్యక్తి అని ఉంది. డెంటల్ కౌన్సిలు పేరు అందులో లేదు. "సర్జరీ" అంటే మెడికల్ ప్రాక్టీషనరు ఆసుపత్రిలో గాని డే కేర్ కేంద్రంలో గాని చేసేది అని ఉంది. నోరు, దవడల ఆపరేషన్లలో ప్రత్యేకంగా చదివిన ఎండీఎస్ డాక్టరు రిజిస్టరై ఉండేది డెంటల్ కౌన్సిలులో. 1948లో పట్టీలు విడిపోయాయని పైన చెప్పుకున్నాము. ఆ గీత ఇన్నేళ్ళ తరువాత క్లెయిము ఫారంలో ఇలా బయటపడింది.

"ఆసుపత్రి" అన్న మాటకూ లెక్క ఉంది. 10 లక్షలకు మించిన జనాభా గల మన నగరం వంటి చోట కనీసం 15 మంచాలు, రాత్రింబవళ్ళు నర్సులు, డాక్టరు, సొంత ఆపరేషన్ థియేటరు ఉండాలి. డే కేర్ కేంద్రానికి మంచాల లెక్క లేదు గాని థియేటరు, నర్సు, డాక్టరు తప్పనిసరి. మన వీధిలోని పళ్ళ క్లినిక్కు ఎంత మంచిదైనా ఈ కొలతలో సాధారణంగా నిలవదు. అదే డాక్టరు అదే ఆపరేషనును ఆసుపత్రిలో చేస్తే క్లెయిముకు దారి ఉంటుంది. వైద్యం ఒకటే, గుమ్మం వేరు.

2020 ఏప్రిల్ 1 నుంచి అన్ని ఆరోగ్య బీమా కంపెనీలు అమ్మవలసిన "ఆరోగ్య సంజీవని" పాలసీ వచ్చింది. అందులో జబ్బు వల్ల గాని, గాయం వల్ల గాని అవసరమైన దంత చికిత్స ఆసుపత్రి ఖర్చులలో చేరుతుందని స్పష్టంగా రాశారు. ఎవరు చేశారన్నది పక్కన పెట్టి ఎందుకు చేశారన్నది ముందుకు తెచ్చారు. అందం కోసం చేయించుకునే ప్లాస్టిక్ సర్జరీ చెల్లదు. ప్రమాదం, కాలిన గాయాలు, కాన్సరు తరువాత ముఖం సరిచేసే ఆపరేషనుకు మాత్రం 2019 నాటి నియమాలు మినహాయింపు ఇచ్చాయి. ఈ మాట గుర్తుంచుకోదగినది.

సర్కారు కార్డుల సంగతి

ఈఎస్ఐ చట్టం కూడా 1948లోనే వచ్చింది. మొదట నెలకు 400 రూపాయల లోపు జీతగాళ్ళకు వర్తించేది. 2017 జనవరిలో ఆ పరిమితిని 21,000 రూపాయలు చేశారు. ఐటీ కంపెనీలలో హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, క్యాంటీను పనులు చేసే మనవారిలో చాలామంది దీని కిందికి వస్తారు. మన సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి దూరమేమీ కాదు. జీతంలోంచి ప్రతి నెలా కోత పడుతూ ఉన్నా, కార్డు తీసి చూపించడం మరిచిపోయి ప్రైవేటులో అప్పు చేసి కట్టడం మాత్రం మానుకోవాలి.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలై తరువాత రాష్ట్రమంతా పాకింది. కాన్సరు వంటి ఖరీదైన జబ్బులే దాని లక్ష్యం. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. కేంద్రం 2018 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ ప్రారంభించింది. తెలంగాణ అందులో 2021లో చేరింది. ఆ పథకం మొదటి ప్యాకేజీల జాబితాలో నోరు, దవడల శస్త్రచికిత్సకు ఒక విడి విభాగమే ఇచ్చారు. విరిగిన దవడ కట్టడం, దవడ కీలు బిగుసుకుపోతే విడిపించడం, గుట్కా వల్ల నోరు తెరుచుకోకపోతే ఆ పట్టీలు కోసి సరిచేయడం, దవడ గడ్డలు తీయడం, చివరకు ఇరుక్కున్న పన్ను తీయడం కూడా అందులో ఉన్నాయి. ప్రైవేటు పాలసీ తటపటాయించిన చోట సర్కారు జాబితా నోటిని దేహంలో భాగంగా ఒప్పుకున్నదని చెప్పాలి.

మనం చేయవలసింది

మాటవరసకు ఒకే ఇంట్లో మూడు కేసులు అనుకుందాం. అబ్బాజాన్‌కు కట్టుడు పళ్ళు కావాలి. చెల్లెలికి జ్ఞానదంతం ఎముకలో ఇరుక్కుని వాపు వచ్చింది. తమ్ముడు స్కూటరు మీద నుంచి పడి దవడ విరిగింది. మొదటిది మామూలుగా ఏ ఆసుపత్రి పాలసీలోకీ రాదు. కంపెనీవారు గ్రూపు పాలసీలో ఓపీ దంత సౌకర్యం విడిగా కలిపి ఉంటే తప్ప. మూడవది ప్రమాదం, ఆసుపత్రిలో చేరిక రెండూ ఉన్నాయి కాబట్టి గట్టి కేసు. రెండవదే అసలు పరీక్ష. అది ఎక్కడ చేశారు, ఎందుకు చేశారు, కాగితంలో ఏమి రాశారు అన్న మూడింటి మీద నిలుస్తుంది.

అందుచేత అత్యవసరం కాని ఆపరేషనుకు ముందే నాలుగు పనులు చేయండి. ఒకటి, పాలసీలో చెల్లించని వాటి జాబితా, డే కేర్ జాబితా రెండూ చదవండి. రెండు, ఆపరేషను చేసే చోటు పాలసీ నిర్వచనం ప్రకారం ఆసుపత్రా, డే కేర్ కేంద్రమా అని అడగండి. మూడు, డాక్టరుగారి చీటీలో ఉన్న నిజమైన కారణం పూర్తిగా రాయించండి. "పన్ను తీత" అని రెండు ముక్కలతో వదిలేయకుండా చీము, నీటితిత్తి, గడ్డ, ప్రమాదం వీటిలో ఏది ఉంటే అది, ఎక్స్‌రేతో సహా ఉండాలి. లేనిది రాయించకూడదు, అది మోసం. నాలుగు, ముందస్తు అనుమతి అడగండి. నగదు రహిత చికిత్స అడిగితే ఒక గంటలోగా జవాబు చెప్పాలని బీమా నియంత్రణ సంస్థ 2024 మే నెలలో ఆదేశించింది.

క్లెయిము తిరస్కరిస్తే అక్కడితో ఆగవద్దు. ఏ షరతు కింద తిరస్కరించారో రాతపూర్వకంగా అడగండి. కంపెనీకి ఫిర్యాదు రాయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా ఏడాది లోపల బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర లేదు.

మన సొసైటీలో చదువుకున్న పిల్లలు చాలామంది ఉన్నారు. పెద్దల పాలసీ కాగితం తీసుకుని ఒక ఆదివారం కూర్చుని చదివి, ఏది వస్తుందో ఏది రాదో తెలుగులో ఒక అట్ట మీద రాసి ఇవ్వడం వారికి పెద్ద పని కాదు. సహాయనిధికి వచ్చే అర్జీలలో బీమా చెల్లించవలసిన బిల్లు ఒక్కటి తగ్గినా, ఆ సొమ్ము ఏ కార్డూ లేని మరొక ఇంటికి చేరుతుంది.